గన్ కొలిచేది దూరమే: స్పీడ్ చలాన్లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

హైవే పక్కన ఆగి ఉండే ఇంటర్‌సెప్టర్ బండ్లు (వేగం కొలిచే పోలీసు బండ్లు), ట్రైపాడ్ మీద పెట్టిన లేజర్ గన్‌లు, వాటి పుణ్యమా అని ఫోన్‌కి వచ్చే చలాన్లు... వీటి మీద వచ్చిన ప్రశ్నల్లో ఒకేలా ఉన్నవాటిని కలిపి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: విజయవాడ హైవే మీద నన్ను ఎవరూ ఆపలేదు, వెంబడించలేదు. రోడ్డు పక్కన ఆగి ఉన్న పోలీసు బండి నా కారుకి 150 మీటర్ల అవతల ఉంది. అంత దూరం నుంచి, ఆ ఒక్క క్షణంలో నా వేగం ఎలా తెలిసింది? (సూర్యాపేట పాఠకుడు)

జవాబు: గన్‌కి మీ వేగం తెలియదు. దానికి చేతనైన పని ఒక్కటే: ఎదురుగా ఉన్న వస్తువు ఎంత దూరంలో ఉందో కొలవడం. ఆ పనిని సెకనులో మూడో వంతు సమయంలో పదుల సార్లు చేసి, దూరం ఎంత చొప్పున తగ్గుతోందో లెక్క కట్టి, దాన్నే వేగంగా చూపిస్తుంది.

లోపల ఉండేది లేజర్ డయోడ్. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని, దాదాపు 905 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంతో, చిన్న చిన్న పల్స్‌లుగా వదులుతుంది. పల్స్ బయల్దేరగానే లోపలి గడియారం మొదలవుతుంది. బండికి తగిలి వెనక్కి వచ్చిన వెలుగును రెండో లెన్స్ వెనకున్న డిటెక్టర్ పట్టుకోగానే ఆగుతుంది. కాంతి ఒక నానోసెకనులో సుమారు 30 సెంటీమీటర్లు పోతుంది. మీ కారు 150 మీటర్ల దూరంలో ఉంటే పోను, రాను 300 మీటర్లు. అంటే వెయ్యి నానోసెకన్లు, సెకనులో పది లక్షల వంతు.

ఇప్పుడు మీరు గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వస్తున్నారనుకోండి. అది సెకనుకు 25 మీటర్లు. గన్ సెకనుకు 200 పల్స్‌లు వదిలే రకమైతే, ఒక పల్స్‌కీ తర్వాతి పల్స్‌కీ మధ్య మీరు పన్నెండున్నర సెంటీమీటర్లు దగ్గరవుతారు. 0.3 సెకన్లలో 60 రీడింగులు వస్తాయి, ఆలోగా మీరు ఏడున్నర మీటర్లు ముందుకు వచ్చి ఉంటారు. ఒక్కో రీడింగులో కొన్ని సెంటీమీటర్ల తేడా ఉండొచ్చు. అందుకే గన్ ఏ రెండింటినో పట్టుకుని తీసివేత చేయదు. అన్ని రీడింగులనూ కాలం, దూరం గ్రాఫ్ మీద పెట్టి, వాటి మధ్యగా ఒక సరళరేఖ గీసి, ఆ రేఖ వాలునే వేగంగా తీసుకుంటుంది. చుక్కలు రేఖకు దూరంగా చెల్లాచెదురై ఉంటే అంకె చూపించదు, ఎర్రర్ కోడ్ చూపిస్తుంది. వేగం ఇస్తే రేఖ కుదిరినట్టు, కుదరకపోతే అసలు రీడింగే లేదు. ఇలాంటి గన్‌ల కచ్చితత్వం సాధారణంగా గంటకు 2 కిలోమీటర్లు అటూ ఇటూగా ఉంటుంది.

రీడింగు వచ్చిన క్షణంలోనే కెమెరా ఫొటో గానీ చిన్న వీడియో గానీ తీసి, దాని మీద తేదీ, సమయం, చోటు, దూరం, వేగం, ఆ రోడ్డు పరిమితి ముద్రిస్తుంది. ఎదురొచ్చే బండినీ కొలుస్తుంది, దూరమయ్యే బండినీ కొలుస్తుంది. దూరమయ్యేవాటికి చాలా గన్‌లు అంకె ముందు మైనస్ గుర్తు చూపిస్తాయి. గన్‌ను దాటేశాం కదా అని యాక్సిలరేటర్ తొక్కేవాళ్లకు వెనక నంబర్ ప్లేట్ ఫొటోతో చలాన్ వచ్చేది ఇందుకే.

ప్రశ్న: నా పక్క లేన్‌లో వెళ్తున్న కారు నాకంటే చాలా స్పీడుగా పోయింది. దాని వేగం నా నంబరు మీద పడి ఉండదా? (పటాన్‌చెరు)

జవాబు: పడే అవకాశం ఎంతన్నది దూరాన్ని బట్టి ఉంటుంది. లేజర్ అంటే దారంలా సన్నగా పోతుందనుకుంటారు గానీ, టార్చిలైటు వెలుగులా అదీ దూరం పెరిగేకొద్దీ విచ్చుకుంటుంది, చాలా తక్కువగా. సాధారణంగా వాడే గన్‌లలో ఈ విచ్చుకోవడం 3 మిల్లీరేడియన్ల దాకా ఉంటుంది. అంటే 100 మీటర్ల దగ్గర కిరణం వెడల్పు 30 సెంటీమీటర్లు, 200 దగ్గర 60 సెంటీమీటర్లు, 500 దగ్గర ఒకటిన్నర మీటర్లు. కారు హైసెక్యూరిటీ నంబర్ ప్లేట్ వెడల్పు 50 సెంటీమీటర్లు. వంద మీటర్ల దూరంలో గురి సరిగ్గా ఉంటే కిరణం అడ్డంగా ప్లేట్ దాటి పోదు. అర కిలోమీటరు దూరంలో అయితే కారు వెడల్పంతా కమ్మేస్తుంది, బైక్ అయితే దాని పక్కనున్నదాన్నీ తాకుతుంది.

ఫొటోలో ప్లస్ ఆకారంలోనో చిన్న వృత్తంగానో గురి గుర్తు కనిపిస్తుంది, పక్కనే దూరం ఉంటుంది. గుర్తు మీ ప్లేట్ మీద గానీ హెడ్‌లైట్ల దగ్గర గానీ ఉండి, దూరం 200 మీటర్ల లోపు ఉంటే పక్క కారు వాదన నిలబడదు. గుర్తు రెండు బండ్ల మధ్య ఖాళీలో ఉన్నా, మీ ముందు ఇంకో బండి అడ్డంగా ఉన్నా, దూరం బాగా ఎక్కువున్నా అభ్యంతరం చెప్పాల్సిందే.

ప్లేట్ మీదే ఎందుకు గురి పెడతారంటే, దాని మీదున్న రెట్రో రిఫ్లెక్టివ్ షీటు వచ్చిన వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. నల్ల పెయింటు, వాలుగా ఉన్న అద్దం అలా పంపవు. బైకులతో ఇబ్బంది కూడా ఇదే. ముందు ప్లేటు 28.5 సెంటీమీటర్ల పొడవు, నాలుగున్నర సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే. అందుకని బైకులను వెనక నుంచి, దగ్గరి దూరంలో కొలవడం మేలు.

ప్రశ్న: డ్యూటీ మొదలుపెట్టే ముందు గన్ సరిగ్గా ఉందో లేదో చూస్తారా? చూస్తే ఏం చేస్తారు? (కర్నూలు, డ్రైవింగ్ స్కూల్ నిర్వాహకుడు)

జవాబు: చూడాలి. చూడకపోతే ఆ రోజు రీడింగుల మీద ఎవరైనా గట్టిగా అడిగితే జవాబు ఉండదు. స్విచ్ వేయగానే గన్ తన సర్క్యూట్లను తానే పరీక్షించుకుని, డిస్‌ప్లేలో అన్ని అంకెలూ వెలిగించి చూపిస్తుంది. ఇది యంత్రం చేసుకునేది. మనిషి చేయాల్సినవి ఇంకో రెండున్నాయి.

మొదటిది గురి పరీక్ష. ఆపరేటర్ కన్ను పెట్టి చూసే స్కోప్ వేరు, కిరణం బయటికి పోయే లెన్స్ వేరు. గన్ ఒకసారి కింద పడితే చాలు, ఈ రెండూ ఒకే చోటికి చూడటం మానేస్తాయి. అందుకని 60 మీటర్లకు తగ్గకుండా దూరంలో, వెనక ఆకాశం తప్ప ఏమీ లేని ఒక స్తంభాన్ని ఎంచుకుంటారు. టెస్ట్ మోడ్‌లో పెట్టి గురి గుర్తును స్తంభం మీదుగా ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా జరుపుతారు. గుర్తు స్తంభాన్ని తాకినప్పుడే గన్ చేసే శబ్దం మారాలి, దాటగానే మళ్లీ మామూలవ్వాలి. గుర్తు ఇంకా స్తంభం దాకా రాకముందే శబ్దం మారితే స్కోప్ తప్పింది. తర్వాత గన్‌ను పక్కకు తిప్పి పట్టుకుని, లేదా అడ్డంగా ఉన్న బోర్డు అంచు మీద, పైకీ కిందికీ అదే పరీక్ష. చాలామంది అడ్డంగా చూసి నిలువుగా చూడటం వదిలేస్తారు. నిలువు గురి తప్పితే కిరణం ప్లేట్ మీద పడాల్సింది రోడ్డు మీదో అద్దం మీదో పడుతుంది.

రెండోది దూరం పరీక్ష. టేపుతో కొలిచి పెట్టుకున్న దూరంలో, ఉదాహరణకు 30 మీటర్లు, 60 మీటర్ల దగ్గర, గోడకో బోర్డుకో గురి పెట్టి గన్ చూపే దూరాన్ని సరిచూస్తారు. ముందు చెప్పిన లెక్క ప్రకారం దూరం సరిగ్గా కొలిస్తే వేగం సరిగ్గా వస్తుంది, ఎందుకంటే మిగిలింది గడియారమే. ఈ పరీక్షకు కదిలే బండి అక్కర్లేదు.

ఆ తర్వాత చోటు. తిన్నగా ఉన్న రోడ్డు, మధ్యలో కొమ్మలు, ఫ్లెక్సీలు అడ్డం రాకుండా 100 నుంచి 300 మీటర్ల చూపు, రోడ్డుకు వీలైనంత దగ్గర. గన్‌ను ట్రైపాడ్ మీదో బండి డ్యాష్‌బోర్డు స్టాండ్ మీదో బిగించాలి. చేత్తో పట్టుకుంటే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. కొలుస్తున్న 0.3 సెకన్లలో చేయి కిందికి జారి, కిరణం విండ్‌షీల్డ్ అడుగు నుంచి నంబర్ ప్లేట్ దాకా వచ్చిందనుకోండి. బానెట్ పొడవు 1.2 మీటర్లైతే, కారు ప్రయాణించిన దూరానికి ఈ 1.2 మీటర్లు అదనంగా కలుస్తాయి. సెకనుకు 4 మీటర్లు, అంటే గంటకు 14 కిలోమీటర్లు ఎక్కువ. సాధారణంగా కిరణం ఒక్కసారిగా దూకుతుంది కాబట్టి రేఖ విరిగి గన్ ఎర్రర్ ఇస్తుంది. కానీ బానెట్ వాలు మీదుగా మెత్తగా జారితే రేఖ తిన్నగానే కనిపించే ప్రమాదం ఉంది. స్టాండ్ వాడమనేది చేతులు నొప్పెట్టకుండా ఉండటానికి కాదు.

కార్లకు ఒక పరిమితి, భారీ వాహనాలకు ఇంకో పరిమితి ముందే గన్‌లో వేసి పెట్టాలి. రోడ్డు మారినప్పుడు ఇది మార్చడం మరిచిపోతే గన్ కొలిచిన వేగం నిజమే అయినా చలాన్ తప్పవుతుంది.

ప్రశ్న: దూరం నుంచి బండిని చూసి బ్రేక్ కొడితే తప్పించుకోవచ్చా? (భీమవరం)

జవాబు: మీకు ఇంటర్‌సెప్టర్ కనిపించేంత దూరం నుంచి దానికి మీరూ కనిపిస్తారు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో, మెదడు గుర్తించి కాలు బ్రేక్ మీదికి వెళ్లే ఒక్క సెకనులోనే బండి దాదాపు 28 మీటర్లు పోతుంది. గన్‌కి కావాల్సింది అందులో మూడో వంతు సమయం. పైగా వెనకున్నవాడు మీ అంత చురుగ్గా బ్రేక్ వేయకపోతే చలాన్ కన్నా పెద్ద ఖర్చు వస్తుంది.

ప్రశ్న: గన్ రోడ్డు పక్కన ఉంటుంది, కారు రోడ్డు మధ్యలో వస్తుంది. ఈ ఏటవాలు వల్ల వేగం తప్పుగా రాదా? (వరంగల్, ఇంజినీరింగ్ విద్యార్థిని)

జవాబు: తప్పుగానే వస్తుంది, కానీ డ్రైవర్‌కు లాభంగా. గన్ కొలిచేది కారు తనవైపు ఎంత వేగంగా వస్తోందన్నదే. అది అసలు వేగాన్ని కోణం కొసైన్‌తో గుణించినంత. కొసైన్ ఎప్పుడూ ఒకటి దాటదు కాబట్టి, ఆగి ఉన్న గన్‌లో వచ్చే అంకె అసలు వేగం కన్నా ఎక్కువ కాలేదు. 90తో వెళ్లే కారు 10 డిగ్రీల కోణంలో 88.6గా, 20 డిగ్రీల్లో 84.6గా, 30 డిగ్రీల్లో 78గా కనిపిస్తుంది. మామూలుగా గన్ లేన్‌కి 5 మీటర్లు పక్కన, కారు 100 మీటర్ల దూరంలో ఉంటే కోణం 3 డిగ్రీలు కూడా ఉండదు, తేడా నూటికి 0.13 మాత్రమే. మలుపు మీద, ఫ్లైఓవర్ పైనుంచి కిందికి కొలిచినా ఇదే సూత్రం. ‘మలుపులో కొలిచారు కాబట్టి ఎక్కువ చూపింది’ అనే వాదనలో పస లేదు.

ప్రశ్న: పోలీసు బండి నడుస్తుండగానే ఎదురొచ్చే వాహనాల వేగం కొలవగలదా? రాడార్, లేజర్ ఒకటేనా? (నిజామాబాద్)

జవాబు: ఒకటి కాదు. లేజర్ గన్ నడిచే బండిలో పనికిరాదు. అది రెండు బండ్ల వేగాలను కలిపి చూపిస్తుంది. నడుస్తూ కొలవాలంటే రాడారే కావాలి.

రాడార్ దూరం చూడదు. రేడియో తరంగం కదిలే బండికి తగిలి తిరిగొచ్చేటప్పుడు దాని ఫ్రీక్వెన్సీ మారుతుంది, ఆ మార్పునే కొలుస్తుంది. దీన్నే డాప్లర్ మార్పు అంటారు. 24.125 గిగాహెర్ట్జ్ రాడార్‌లో గంటకు ప్రతి కిలోమీటరుకూ సుమారు 44.7 హెర్ట్జ్ మార్పు వస్తుంది. 90 కిలోమీటర్లకు దాదాపు 4,020 హెర్ట్జ్. ఇది చెవికి వినిపించే శబ్దమే, అందుకే రాడార్ సెట్లలో చిన్న స్పీకర్ ఉంటుంది. అనుభవమున్న ఆపరేటర్ అంకె చూడకముందే, కీచుమనే శబ్దం శుభ్రంగా ఉందా, చెదిరిపోతోందా అన్నది విని రీడింగును నమ్మాలో వద్దో తేల్చుకుంటాడు. పరీక్ష కూడా శబ్దంతోనే: ఒక వేగం చెక్కి ఉన్న ట్యూనింగ్ ఫోర్క్‌ను మోగించి యాంటెన్నా ముందు పట్టుకుంటే అదే అంకె డిస్‌ప్లేలో రావాలి.

దీని బలహీనత వెడల్పు. 12 డిగ్రీల కిరణం 100 మీటర్ల దగ్గర 21 మీటర్ల మేర పరుచుకుంటుంది, అంటే రెండువైపుల లేన్లూ అందులోనే. చిన్న కారు వెనక లారీ వస్తుంటే లారీ ప్రతిఫలనమే బలంగా ఉండొచ్చు. ఏసీ బ్లోయర్ ఫ్యాన్ రెక్కల కదలికను కూడా వేగంగా చదివిన సెట్లున్నాయి.

ఇక నడుస్తున్న బండిలో రాడార్ రెండు లెక్కలు చేస్తుంది. రోడ్డు మీదా, పక్కనున్న నిలకడ వస్తువుల మీదా పడి వచ్చే తరంగంతో తన వేగం, ఎదుటి బండి నుంచి వచ్చేదానితో ఇద్దరి వేగాల మొత్తం. మొత్తంలోంచి తనది తీసేస్తే ఎదుటివాడిది. ఇక్కడే ఒక చిక్కుంది. పోలీసు బండి ముందు పెద్ద లారీ వెళ్తుంటే, రాడార్ రోడ్డు బదులు లారీని పట్టుకుని ‘నా వేగం’ అనుకోవచ్చు. పోలీసు బండి 80లో, లారీ 60లో ఉంటే అది తన వేగాన్ని 20గా చదువుతుంది. తీసివేయాల్సిన 80కి బదులు 20 తీసేస్తే మిగిలిన 60 ఎదుటివాడి ఖాతాలో పడుతుంది. అందుకే రాడార్ చూపే సొంత వేగం తన స్పీడోమీటర్‌తో సరిపోయిందా లేదా అని ఆపరేటర్ ప్రతిసారీ చూసుకోవాలి. వేగం కొలిచే రాడార్ పరికరాలను తూనికలు, కొలతల శాఖ తనిఖీ చేసి ముద్ర వేయాలంటూ కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2025 ఏప్రిల్‌లో నిబంధనలు ప్రకటించింది. తూకంరాళ్లకు ముద్ర ఉన్నట్టే వీటికీ ఉండటం న్యాయం.

ప్రశ్న: నా స్పీడోమీటర్ 100 దాటలేదు, చలాన్‌లో 103 అని ఉంది. ఏది నమ్మాలి? (తిరుపతి)

జవాబు: ముందు టైర్లు చూసుకోండి. కంపెనీ అమర్చిన స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదన్నది అంతర్జాతీయంగా పాటించే నియమం. ఎక్కువ చూపొచ్చు, పది శాతం మీద గంటకు 4 కిలోమీటర్ల దాకా. అంటే అసలు వేగం 100 ఉన్నప్పుడు ముల్లు 100 నుంచి 114 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అందుకని మామూలు కారులో గన్ అంకె మీ ముల్లు కన్నా తక్కువే రావాలి.

తిరగబడిందంటే చాలావరకు టైరు సైజు మారి ఉంటుంది. 185/65 ఆర్15 టైరు వ్యాసం సుమారు 621 మిల్లీమీటర్లు. దాని చోట 195/65 ఆర్15 వేస్తే 634 అవుతుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే పోయే దూరం రెండు శాతం పెరుగుతుంది, మీటరుకు ఆ సంగతి తెలియదు. మీ ముల్లు అంతకుముందు కచ్చితంగా ఉన్నదే అయితే 100 చూపినప్పుడు మీరు 102లో ఉంటారు. గన్ కచ్చితత్వపు పరిధి కలుపుకుంటే మీ 103 కుదిరిపోతుంది. ఫోన్‌లో జీపీఎస్ వేగంతో పోల్చి చూడండి, కాకపోతే చదునైన రోడ్డు మీద ఒకే వేగంలో కనీసం పది సెకన్లు వెళ్లినప్పుడే. వేగం మారుతున్నప్పుడు జీపీఎస్ ఒకటి రెండు సెకన్లు వెనకబడుతుంది.

ప్రశ్న: చలాన్ తప్పనిపిస్తే ఏం చూడాలి, ఏం అడగాలి? చట్టం ఏమంటోంది? (శంషాబాద్ క్యాబ్ డ్రైవర్, మరికొందరు)

జవాబు: డబ్బు కట్టేముందు ఈ-చలాన్ సైట్‌లో ఫొటో తెరవండి. బండి మోడల్, రంగు మీదేనా అన్నది మొదట. మా దృష్టిలో తప్పు చలాన్లకు మూలం లేజర్ లెక్కలో కన్నా నంబర్ ఎక్కించడంలోనే వెతకాలి. 8కీ బీకీ, 0కీ డీకీ తేడా మసక ఫొటోలో తెలియదు. తెలంగాణలో 2024 మార్చి నుంచి టీజీ మొదలయ్యాక టీఎస్, టీజీ, పాత ఏపీ నంబర్లు మూడూ ఒకే రోడ్డు మీద తిరుగుతున్నాయి. ఫొటోలో ఉన్నది మీ కారు కాకపోతే ఆ ఫొటో, మీ ఆర్‌సీ, మీ బండి ముందు వెనక ఫొటోలు జతచేసి సైట్‌లోని ఫిర్యాదు విభాగంలో పెట్టండి. మోడల్, రంగు, నంబర్ అన్నీ మీవే ఉండి మీ బండి ఆ రోజు ఇంట్లోనే ఉంటే, మీ నంబర్‌తో ఇంకెవరో తిరుగుతున్నారు. అప్పుడు చలాన్ ఫిర్యాదుతో సరిపెట్టకుండా పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇవ్వాలి.

తర్వాత పరిమితి. చలాన్ మీద రాసిన పరిమితి ఆ రోడ్డుదేనా, మీ వాహన రకానిదేనా? కేంద్రం 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద కార్లకు గరిష్ఠం 100, సరుకు వాహనాలకు 80, ఆటోలకు 50. ఎక్స్‌ప్రెస్‌వే మీద కార్లకు 120. ఇవి పై హద్దులు, రాష్ట్రాలు ఇంతకన్నా తగ్గించొచ్చు. హైదరాబాద్ ఔటర్ మీద 100గా ఉన్నదాన్ని 2023లో 120 చేశారు గానీ అది అన్ని లేన్లకూ కాదు. ఎడమవైపు లేన్లో 110తో వెళ్తూ ‘120 ఉంది కదా’ అంటే కుదరదు.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ పరిమితి గురించి, 183వ సెక్షన్ శిక్ష గురించి. 2019 సవరణ తర్వాత కేంద్ర చట్టంలో తేలికపాటి వాహనాలకు వెయ్యి నుంచి 2 వేలు, మధ్యతరహా, భారీ వాహనాలకు 2 వేల నుంచి 4 వేల రూపాయలు. వసూలు చేసే మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. హైదరాబాద్‌లో చాలామంది చూసే 1,035 రూపాయల్లో వెయ్యి జరిమానా, 35 యూజర్ చార్జీ. 183లోనే చాలామందికి తెలియని ఒక మాట ఉంది: ఒక్క సాక్షి ‘నాకు స్పీడుగా వెళ్తున్నట్టు అనిపించింది’ అన్నంత మాత్రాన శిక్ష వేయకూడదు, ఆ అంచనాకు పరికరం ఆధారం ఉండాలి. గన్ రికార్డు లేకుండా కంటి అంచనాతో రాసిన ఓవర్‌స్పీడ్ చలాన్‌ను మీరు ప్రశ్నించవచ్చు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021 ఆగస్టులో వచ్చిన 167ఎ నిబంధన పరికరాల గురించి. స్పీడ్ గన్, కెమెరా లాంటివాటికి ఆమోద ధ్రువపత్రం ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించాలి. కెమెరా నిఘా ఉందని ముందుగా హెచ్చరిక బోర్డు పెట్టాలి. ఉల్లంఘన జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలి. చలాన్ తేలేదాకా రికార్డు భద్రపరచాలి. కోర్టుకు వెళ్లేవాళ్లు అడగాల్సినవి ఇవే: ఆ పరికరం ధ్రువపత్రం, ఆ తేదీకి అది చెల్లుబాటులో ఉందా, అసలు రికార్డు. ‘గన్ తప్పు’ అని ఊరికే అంటే ఎవరూ వినరు.

ప్రశ్న: బైక్ అమ్మేసి ఏడాది అయింది. చలాన్లు నాకే వస్తున్నాయి. (ఖమ్మం)

జవాబు: ఆర్‌సీలో పేరు మీదే ఉన్నంతకాలం వస్తూనే ఉంటాయి. అమ్మిన 14 రోజుల్లో ఫారం 29తో రవాణా శాఖకు తెలపాల్సింది అమ్మినవారే, కొన్నవాడు చేస్తాడని వదిలేయకూడదు. ఇప్పుడైనా అమ్మకం కాగితం, కొన్నవారి గుర్తింపు కార్డు నకలు పట్టుకుని ఆర్‌టీఏకు వెళ్లండి. బండి నడిపింది ఎవరని పోలీసులు అడిగితే వివరాలు చెప్పాల్సిన బాధ్యత 133వ సెక్షన్ కింద యజమానిదే.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో చదువుకుంటున్నాను. స్నేహితుడి కారు నడుపుతుంటే బ్రిడ్జి మీద పోలీసుల స్పీడ్ కెమెరా వ్యాన్ కనిపించింది, ఫ్లాష్ మాత్రం రాలేదు. వారం తర్వాత 40 మైళ్ల జోన్‌లో 47 అని వాడికి ఉత్తరం వచ్చింది. ఎలా కొలిచారు, ఇప్పుడేం చేయాలి? (మాంచెస్టర్ పాఠకుడు)

జవాబు: వ్యాన్లు ఫ్లాష్ వేయవు. వెనక తలుపు కిటికీలోంచి లేజర్ గన్, దానికి కలిపిన వీడియో కెమెరా రెండూ రోడ్డు వైపు చూస్తుంటాయి, ఎదురొచ్చేవారినీ, దాటి వెళ్లేవారినీ రికార్డు చేస్తాయి. సూత్రం మన దగ్గరి గన్‌దే. ఫ్లాష్ వేసేవి స్తంభం మీదుండే గాట్సో రకం కెమెరాలు. అవి అర సెకను తేడాతో రెండు ఫొటోలు తీస్తాయి, రోడ్డు మీద గీసిన తెల్ల గీతల్లో ఎన్ని దాటారో చూసి వేగం సరిపోల్చుకుంటారు.

ఉత్తరం కారు రిజిస్టరైన వ్యక్తికి 14 రోజుల్లోపు చేరాలి, మీ విషయంలో చేరింది. నడిపింది ఎవరో 28 రోజుల్లో తెలపాల్సిన బాధ్యత మీ స్నేహితుడిది. తెలపకపోతే వేగం కేసు కన్నా పెద్దది అవుతుంది: లైసెన్స్ మీద 6 పాయింట్లు (అక్కడ తప్పులకు వేసే మార్కులు), వెయ్యి పౌండ్ల దాకా జరిమానా. పాయింట్లు తప్పించడానికి ఇండియా వెళ్లిపోయిన ఇంకెవరి పేరో రాయించే సలహాలు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. అది న్యాయప్రక్రియను తప్పుదోవ పట్టించిన నేరం, జైలు శిక్షలు పడిన కేసులున్నాయి.

మీ 47 సంగతికొస్తే, అక్కడి పోలీసు మార్గదర్శకాల్లో చర్య సాధారణంగా పరిమితికి పది శాతం, పైన 2 మైళ్లు కలిపిన దగ్గర మొదలవుతుంది. 40కి అది 46. 53 దాకా స్పీడ్ అవేర్‌నెస్ కోర్సు ఇవ్వొచ్చు, గత మూడేళ్లలో ఒకసారి చేసి ఉండకపోతే. కోర్సు ఇస్తే తీసుకోండి, పాయింట్లు పడవు. లేకుంటే 100 పౌండ్లు, 3 పాయింట్లు. మీది ఇండియా లైసెన్స్ అయినా పాయింట్లకు అక్కడ రికార్డు తెరుస్తారు. బ్రిటిష్ లైసెన్స్ వచ్చిన మొదటి రెండేళ్లలో 6 పాయింట్లు చేరితే అది రద్దవుతుందని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: వానలో, పొగమంచులో, రాత్రిపూట గన్ పనిచేస్తుందా? (అరకు)

జవాబు: వాన, మంచు లేజర్‌ను చెదరగొట్టి అందే దూరాన్ని తగ్గిస్తాయి. మంచు దట్టంగా ఉంటే రీడింగే రాదు. అంతేగానీ వాన వల్ల 60 కాస్తా 80 అవ్వదు. రాత్రి లేజర్‌కు చీకటితో ఇబ్బంది లేదు, ఇబ్బంది కెమెరాకే. ప్లేట్ చదవాలంటే ఇన్‌ఫ్రారెడ్ లైటు తోడు కావాలి. ఎదుటి హెడ్‌లైట్లు హైబీమ్‌లో ఉంటే ఫొటోలో రెండు తెల్లటి మచ్చలు, మధ్యలో నల్లటి చీకటి తప్ప ఏమీ ఉండదు.

ప్రశ్న: ప్లేట్ మీద కొట్టే స్ప్రేలు, రాడార్ డిటెక్టర్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. పనిచేస్తాయా? (విశాఖపట్నం)

జవాబు: స్ప్రే అమ్మేవాళ్లు చెప్పేది ఫ్లాష్ వెలుగు తిరిగి కెమెరాను కమ్మేస్తుందని. పగటిపూట గన్ కెమెరా ఫ్లాష్ వాడదు కాబట్టి ఆ మాటకు అర్థం లేదు. డిటెక్టర్ సంగతి: రాడార్ కిరణం వెడల్పు కాబట్టి ముందు బండ్ల మీద పడిన తరంగం మీ దాకా వచ్చి ముందే మోగే అవకాశం ఉంది. లేజర్ మీ మీద పడితేనే మోగుతుంది, అప్పటికి కొలత అయిపోయి ఉంటుంది. ప్లేట్ వంచడం, ఒక అంకె మీద స్టిక్కర్ అంటించడం మాత్రం వేరే లెక్క. ఓవర్‌స్పీడ్ వెయ్యి రూపాయలతో పోయేదానికి, హైదరాబాద్‌లో ప్లేట్ మార్చినవారి మీద చీటింగ్ కేసులు పెట్టిన సందర్భాలున్నాయి.